పొడిపిల్ల చెప్పిన అంకెలు

ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు

ప్రియమైన అమ్మకు,

ఇక్కడ నేనూ, నా కిటికీ, కిటికీ కింద బేకరీవాళ్ళ పొగగొట్టం, ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ, నాయనమ్మా, నీ కుట్టుమిషనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన శనివారం అందింది. కవరు మీద ఇంటి నంబరు మళ్ళీ తప్పు రాశావు. అది కింద వాటాలో ఉండే పళ్ళ డాక్టరుకు చేరితే ఆయన పైకి తెచ్చి ఇచ్చాడు. "మీ అమ్మగారి చేతిరాత నాకు అలవాటైపోయిందమ్మా, తప్పు నంబరైనా ఒప్పు మనిషికే ఇస్తున్నాను" అన్నాడు. ఈ మెట్ల మీద ఆ వారంలో నాతో ఎవరైనా మాట్లాడిన మాట అదొక్కటే. అందుకని నువ్వు ఆ నంబరు దిద్దుకోకు, అట్లాగే రాస్తూ ఉండు.

నువ్వు అంకెలు వేసి మరీ అయిదు ప్రశ్నలు అడిగావు. బడిపిల్లల యూనిఫారాలకు కొలతల చీటీలు రాసీ రాసీ ఉత్తరాలు కూడా అట్లాగే రాస్తున్నావు. భుజం ఇంత, నడుం ఇంత, కూతురి కష్టం ఇంత. సరే, వరసగానే చెబుతాను.

మొదటిది, నా ఉద్యోగం. "డిగ్రీ చదివించి ఇంటింటికీ పొడి అమ్మిస్తున్నావా" అని పక్కమిషను ఆవిడ అన్నదని రాశావు. అమ్మడం కాదమ్మా, పంచడం. డెబ్భై దాటినవాళ్ళు నూట ఇరవై మంది ఉన్నారు. సగం మందికి పీచుపొడి ఇస్తాం, సగం మందికి చూపుకూ రుచికీ అచ్చం అట్లాగే ఉండే ఉత్తి పిండి ఇస్తాం. ఎవరికి ఏది వెళుతోందో తినేవాళ్ళకు తెలియదు, ఇచ్చే నాకు తెలియదు, ఈ పరిశోధన నడిపే డాక్టరుగారికి కూడా తెలియదు. ఆ జాబితా తాళం వేసిన బీరువాలో ఉంది. మనకు అరగని పీచు కొన్ని తిండ్లలో ఉంటుంది. అది మన పేగుల్లో కాపురముండే కంటికి కనపడని జీవులకు భోజనం. వాటి కడుపు నిండితే అవి ఏవేవో పదార్థాలు తయారుచేస్తాయట, ఆ కబురు నరాల గుండా, రక్తం గుండా మెదడుదాకా వెళుతుందట. పెద్దతనంలో జారిపోయే జ్ఞాపకానికీ, ఊరికే కమ్ముకునే దిగులుకూ, ముక్కలైపోయే నిద్రకూ ఆ కబురు పనికొస్తుందా అన్నది మా డాక్టరుగారి ప్రశ్న. "పనికొస్తుంది" కాదు, "పనికొస్తుందా". ఆ చివరి దీర్ఘం ఒక్కదాని కోసం ఆరు నెలలు నేను మెట్లెక్కి దిగాను. వారం వారం ఒక్కో ఇంటికి ఏడు పొట్లాలు ఇచ్చి, ఖాళీ పొట్లాలు వెనక్కి తీసుకుని, కాగితం మీద ఉన్న ప్రశ్నలు చదివి, వాళ్ళు చెప్పిన అంకెలు రాసుకునేదాన్ని. ముసలివాళ్ళందరూ నాకు "పొడిపిల్ల" అని పేరు పెట్టారు. పక్కమిషను ఆవిడతో ఆ పేరు మాత్రం చెప్పకు.

రెండోది, నాయనమ్మకు ఆ పొడి ఒక డబ్బా పంపమన్నావు. పంపలేను. ఒక్కో పొట్లానికీ నంబరుంటుంది. అయినా నేను దొంగిలించి పంపింది ఉత్తి పిండి అయితే? నువ్వు రోజూ గోరువెచ్చని నీళ్ళలో పిండి కలిపి ఇస్తావు, ఆవిడ "నా మనవరాలు పంపిన మందు" అని గుటకేస్తుంది. దానికి బదులు ఉల్లిపాయలు, వెల్లుల్లి, చిక్కుళ్ళు, బార్లీ, మరీ పండిపోని అరటిపళ్ళు పెట్టు. అన్నిటిలోనూ ఆ జాతి పీచు ఉంటుంది. ఒక్కసారిగా పెట్టకు, కొద్దికొద్దిగా పెంచు, నీళ్ళు బాగా తాగించు, ఆవిడకు మాత్రలు రాసే డాక్టరును ఒక మాట అడుగు. తొందరపడితే గాలి పట్టుకుంటుంది. మా జాబితాలో రిటైరైన బ్యాండుమేస్త్రీ ఒకాయన ఉన్నాడు. మొదటి వారమే "అమ్మాయ్, నీ పొడి పుణ్యమా అని నాకు మళ్ళీ ఊదే ఉద్యోగం దొరికింది" అన్నాడు. ఫారంలో దాన్ని "స్వల్ప అసౌకర్యం" అని రాశాను.

మూడోది, తింటున్నానా అని. తింటున్నాను. నిలబడి తింటున్నాను, అంతే తేడా. కూర్చుంటే ఎదురుగా ఉన్న కుర్చీ కనిపిస్తుంది.

నాలుగోది, నా గదిలో ఉండే నర్సు ఎట్లా ఉంది, ఆమెకు వంట వచ్చిందా అని. అయిదోది, "నిద్రపోతున్నావా, నీ అక్షరాలు చీమల్లా అయిపోతున్నాయి, ఫోను కూడా చెయ్యవేం" అని. ఈ రెంటికీ జవాబు ఒక్కటే. కానీ అది చెప్పాలంటే ముందు నీకు కండక్టరమ్మ గురించి చెప్పాలి.

కండక్టరమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో టికెట్లు కొట్టి రిటైరైంది. బస్సు డిపో వెనక సందులో, రెండో అంతస్తులో ఒకే గది. కిటికీ డిపో గేటు మీదికి తెరుచుకుంటుంది. కుర్చీ కిటికీవైపు, మంచం గోడవైపు, మధ్యలో చెక్క బల్ల. బండి గేటు దాటుతుంటే తల తిప్పకుండానే "అయిదో నంబరు, నాలుగు నిమిషాలు లేటు, క్లచ్చు అరుస్తోంది" అంటుంది. నేను ప్రతి మంగళవారం పదకొండింటికి వెళ్ళేదాన్ని. ఒక్క నిమిషం ఆలస్యమైనా "బండి వెళ్ళిపోయింది, తరువాతిది ఎక్కు" అనేది.

మా శిక్షణలో మొదటి రోజే చెప్పారు: ప్రశ్నను అక్షరం మార్చకుండా చదవండి, మీ సంగతులు చెప్పకండి. పరాయి ఇళ్ళల్లో కూర్చుని గొప్పలు పోకూడదని కాబోలు అనుకున్నాను. అసలు కారణం నాకు ఈమధ్యే తెలిసింది.

మొదటి మంగళవారం కాగితం తీసి చదివాను.

"గత వారం రోజుల్లో రాత్రిపూట నిద్ర పట్టడానికి ఇబ్బంది పడ్డారా? అసలు లేదంటే సున్నా. ఒకటి రెండు రోజులైతే ఒకటి. సగం రోజులైతే రెండు. దాదాపు రోజూ అయితే మూడు."

"నీ సంగతేమిటి?" అంది.

"నాది అక్కర్లేదు పెద్దమ్మా. మీది చెప్పాలి."

"ముప్ఫై ఒక్క ఏళ్ళు జనాన్ని ఎక్కడికి, ఎంతమంది, చిల్లరుందా అని నేనే అడిగాను. తిరిగి నన్ను అడిగినవాళ్ళు లేరు. అట్లా అడిగి పోయేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ముందు నువ్వు చెప్పు."

"సున్నా," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి పైనుంచి చూసింది. "టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళ మొహం నాకు మూడు సీట్ల అవతలనుంచే తెలుస్తుంది పిల్లా."

"...రెండు."

"హమ్మయ్య. నాదీ రెండే. రాసుకో."

రాసుకున్నాను. రెండో ప్రశ్న, మధ్యలో మెలకువ. మూడో ప్రశ్న, దిగులు. నాలుగోది, ఒంటరితనం. అయిదోది, పనుల మీద మనసు పోకపోవడం. ప్రతిదానికీ ముందు నేను, వెనక ఆవిడ. ఆ తరువాత పది మాటలు చదివి, పది నిమిషాలాగి, గుర్తున్నన్ని చెప్పమనాలి. ఆవిడ వాటిని స్టాపుల్లా చెప్పేది, వేలు గాలిలో ఊపుతూ: "గొడుగు, ఉంగరం, పావురం, నిచ్చెన, దిగేవాళ్ళు దిగండి, సబ్బు, రైలు... పదీ దిగారా? లోపల ఎవరూ మిగల్లేదు కదా?" పదికి పది. ప్రతిసారీ.

అమ్మా, మంగళవారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. నూట ఇరవై మందిలో నావంతు ముప్ఫై మంది. వారానికి ముప్ఫైసార్లు "మీకు ఒంటరిగా అనిపించిందా" అని నేను అడిగేదాన్ని. ముప్ఫై గుమ్మాలు దిగి వచ్చేదాన్ని. నన్ను అడిగేది ఆవిడ ఒక్కతే. నేను నిజం చెప్పేదాన్ని. నేను ఏ అంకె చెబితే ఆవిడా అదే చెప్పేది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి దిగులూ ఇరవై నాలుగేళ్ళ నా దిగులూ ఇంతగా కలుస్తాయా అని ముచ్చటపడ్డానే గానీ, ఇంత చదువు చదివి ఒక్కసారి అనుమానపడలేదు. అనుమానం రానివ్వలేదేమో. నాలాంటి మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరున్నారంటే ఎవరు మాత్రం వద్దనుకుంటారు?

నెల రోజుల కిందట ఆఫీసులో మీటింగు. మా దగ్గర అంకెలు చూసే ఆయన్ని అందరం లెక్కలాయన అంటాం. ఆయన మనుషుల్ని నంబర్లతోనే పిలుస్తాడు. నేను తూర్పు వీధులు తిరిగేదాన్ని కనక నన్ను "తూర్పూ" అని పిలుస్తాడు. ఆయన గోడ మీద ఒక గీత వేసి చూపించాడు.

"నలభై ఏడో నంబరు. జ్ఞాపకం చూస్తే పాతికేళ్ళదానిలా ఉంది. మనసు చూస్తే బావిలోకి దిగుతోంది. ఈ రెండూ ఒకే మనిషివంటే నేను నమ్మను" అని నవ్వాడు.

నలభై ఏడు కండక్టరమ్మ. కానీ ఆ గీత నాకు తెలుసమ్మా (గీత పైకి పోతే దిగులు పెరిగినట్టు). అది తొమ్మిదో వారంలో ఒక్కసారిగా తేలికపడింది. నువ్వు యూనిఫారం ముక్కలు అతికి కుట్టిన దుప్పటి నాకు అందిన వారం అది. పదమూడో వారంలో నిలువునా పెరిగింది. నర్సు పెళ్ళి చేసుకుని తన సామాను సర్దుకుని వెళ్ళిపోయిన వారం. పద్ధెనిమిదో వారం నుంచి గీత పైకప్పుకు అతుక్కుపోయింది, అయిదింటికి అయిదూ మూడే. ఆ వారంలో ఏమీ జరగలేదు. జ్వరం లేదు, తిట్లు లేవు, చెడ్డ కబురు లేదు. ఏమీ జరగకుండానే అట్లా అయింది. పదిమంది ముందు గోడ మీద నా అయిదు నెలలు వేలాడుతున్నాయి, ఒక్కరికీ తెలియదు.

ఇదీ నీ నాలుగో ప్రశ్నకు జవాబు. నర్సు వెళ్ళిపోయి మూడు నెలలు కావస్తోంది. "మేమిద్దరం సినిమాకు వెళ్ళాం", "మేమిద్దరం కిటికీకి కర్టెను కట్టాం" అని నీకు రాస్తూ వచ్చాను. సినిమాకు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. కర్టెను కట్టనేలేదు. ఫోను ఎందుకు తగ్గించానంటే, నా గొంతు వింటే నీకు తెలిసిపోతుంది. కాగితానికి గొంతుండదు కదా అనుకున్నాను. అక్షరాలు చిన్నవైపోతాయని తోచలేదు.

ఇంకా చెప్పాల్సింది ఉంది. ఇంతవరకూ సిగ్గు సంగతి, ఇక్కణ్ణుంచి తప్పు సంగతి.

గీత చూసి డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "ఈవిడ అంకెలు హద్దు దాటాయి. మన నియమం ప్రకారం ఈవిడను క్లినిక్కుకు పంపాలి. ఇవాళే చీటీ రాయండి" అన్నారు. నేను నోరు తెరిచాను. లెక్కలాయన "ఏం తూర్పూ?" అన్నాడు. "ఏం లేదండీ" అన్నాను. ఆ రెండు ముక్కలు అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. "ఆ మనసు ఆవిడది కాదండీ, నాది" అని పదిమందిలో ఎట్లా చెప్పను? ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. కానీ నిజంగా నోరు నొక్కింది అది కాదు. వాళ్ళంతా తలలు తిప్పి నావైపు చూస్తారని.

క్లినిక్కులో నా అంకెలు చూసి ఆవిడకు మాత్రలు రాశారు. నిద్రకొకటి, దిగులుకొకటి.

తరువాతి మంగళవారం వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద పడుకుని ఉంది. మంచిదే, నిద్రపోతోంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పొట్లాలు పెట్టి వచ్చేశాను. ఆ పై మంగళవారం కుర్చీలో ఉంది. కర్టెను వేసి ఉంది. గేటు దాటి బండ్లు పోతున్నాయి, తల ఎత్తలేదు. స్వెట్టరు గుండీలు ఒకటి కిందికి తప్పి పెట్టుకుంది. మోకాలి కింద అరచేయంత నల్లటి దెబ్బ.

"ఏమైంది పెద్దమ్మా?"

"మంచం కోడు... రాత్రో, పొద్దున్నో. లేచానా, నేల పక్కకు జరిగింది."

పది మాటలు చదివాను. పది నిమిషాలు కూర్చున్నాను. ఆవిడ పెదవులు కదిపింది. "గొడుగు. సబ్బు... గొడుగు చెప్పానా?" చెయ్యి ఒళ్ళో పడేసుకుంది. "మిగిలినవాళ్ళు ఎక్కడ దిగిపోయారో నేను చూడలేదు పిల్లా."

"ఆ మాత్రలు మీకు పడటం లేదు. వద్దని చెప్పండి" అన్నాను.

"ఎట్లా చెప్పను? నువ్వు రాసిన కాగితం చూసి ఇచ్చారు. వద్దంటే మరి అట్లా ఎందుకు చెప్పావంటారు. అబద్ధం చెప్పానంటే, రాసుకున్న దానికి బుద్ధి లేదా అని నీ మీదికి వస్తారు. కొత్త ఉద్యోగం నీది. రెండు మాత్రలు మింగితే పోయె."

"అబద్ధమా?" అన్నాను. ఆవిడ అప్పటికే కళ్ళు మూసుకుంది.

మెట్ల మీద కూర్చుని ఏడ్చానని రాస్తే బాగుంటుంది గానీ, ఏడవలేదు. సంచీలో ఇంకా నాలుగిళ్ళ పొట్లాలున్నాయి. నాలుగిళ్ళకూ వెళ్ళి, నలుగురినీ అడిగి, నాలుగు కాగితాలూ రాసుకున్నాను. మర్నాడు పొద్దున ఆఫీసు తెరవగానే డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

"నలభై ఏడో నంబరు మనసు నాదండీ," అన్నాను. ఇంటినుంచి వచ్చేదారంతా వేరే వాక్యాలు కూర్చుకున్నాను, నోట్లోంచి ఇదే వచ్చింది.

ఆవిడకు అర్థం కాలేదు (మా డాక్టరుగారు ఆడమనిషే, నీకు చెప్పానో లేదో). రెండోసారి మొదటినుంచీ చెప్పాను. విన్నది. నాతో ఒక్క మాట అనకుండా ముందు క్లినిక్కుకు ఫోను చేసి, మాత్రల సంగతి ఇవాళే చూడమని, మనిషిని పంపమని చెప్పింది. ఫోను పెట్టేశాక అడిగింది.

"ఎన్ని వారాలు?"

"ఇరవై నాలుగు."

"నీకు తెలిసీ ఎన్నాళ్ళు ఊరుకున్నావు?"

"మీటింగు నుంచి. రెండు వారాలు."

"వారాలు పోతే పోయాయి. అంకెలు కొట్టేస్తాం, నలభై ఏడు లేకుండానే లెక్క కడతాం," అంది. "ఆ రెండు వారాలు మాత్రం నువ్వు ఆవిడకు బాకీ. అది నేను కొట్టెయ్యలేను."

అరిచి ఉంటే బాగుండేది. ఉద్యోగం తీసెయ్యలేదు. ఇళ్ళకు పంపడం మానేసింది. ఇప్పుడు నేను కింద పొట్లాలు కట్టే గదిలో ఉన్నాను. చేతులకు తొడుగులు, తలకు టోపీ, తక్కెడ మీద పొడి తూచి, పొట్లానికి నంబరు అంటించడం. మాట్లాడితే పొడి ఎగురుతుందని అక్కడ ఎవరూ మాట్లాడరు. ఆ రోజు నేను తన గది గుమ్మం దాటుతుంటే ఆవిడ "ఇదిగో" అని పిలిచింది. "నిద్ర ఎట్లా ఉంది నీకు?" "మూడు" అన్నాను. నవ్వలేదు. చీటీ మీద ఒక డాక్టరమ్మ పేరు రాసిచ్చింది. శుక్రవారం వెళ్ళాను. మళ్ళీ వెళతాను కూడా. ఆ డాక్టరమ్మ బాగా వింటుంది, మధ్యమధ్య గడియారం చూసినా.

ఇది జరిగి పదకొండు రోజులు. ఇవాళ పొద్దున కండక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆదివారం ఎప్పుడూ వెళ్ళలేదు. సంచీ లేదు, కాగితాలు లేవు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్షమాపణ అడగాలి, ఒక్కతే ఉంటుంది, కాసేపు తోడుగా కూర్చోవాలి అనుకుంటూ మెట్లెక్కాను.

తలుపు తీస్తే గది నిండా మనుషులు. మంచం మీద ముగ్గురు, కుర్చీలో కండక్టరమ్మ, బల్ల మీద పేకముక్కలు. మంచం మీద ఒకావిడ ఆమె చెల్లెలట. మిగిలినవాళ్ళు పాత కండక్టర్లు. ప్రతి ఆదివారం, ప్రతి గురువారం ఇట్లాగే కూడతారట. నాకు మంగళవారం మాత్రమే తెలుసు. మంగళవారం ఆవిడ తీరిగ్గా ఉండే రోజు.

"ఇదేనే నా పొడిపిల్ల," అంది కండక్టరమ్మ. గుండీలు సరిగ్గా ఉన్నాయి. "జరగండే, చోటివ్వండి."

"ఈ పిల్లేనా నీచేత నిద్రమాత్రలు మింగించింది?" అంది చెల్లెలు.

"నేనే మింగాను. నువ్వు ముక్క వెయ్యవే, మాట మార్చకు."

క్షమాపణ అడుగుదామని నోరు తెరిచాను. ఆవిడ లేచి నా రెక్క పట్టుకుని బయట మెట్ల మీదికి తీసుకొచ్చింది. నడక ఇంకా కాస్త తూలుగా ఉంది, గోడ పట్టుకుంది. నేను ఆవిడ మోచేతి కింద చెయ్యి వేశాను.

"అడుగు," అంది.

"నిజం చెప్పండి. మీ అంకెలెంత?"

"సున్నా."

"అయిదూనా?"

"మోకాళ్ళ గురించి అడిగి ఉంటే మూడు చెప్పేదాన్ని. నీ కాగితంలో మోకాళ్ళు లేవు. తొమ్మిదింటికి పడుకుంటే పాలపాకెట్టు గుమ్మంలో పడేదాకా నాకు తెలివి రాదు. నీ పొడి వల్లో, నా పుట్టుక వల్లో నాకేం తెలుసు."

"మరి నాతో అట్లా ఎందుకు చెప్పారు?"

ఆవిడ కింద గేటు దాటుతున్న బండి చప్పుడు పూర్తిగా పోయేదాకా విన్నది.

"ఆఖరి ట్రిప్పులో ఆడపిల్ల ఒక్కతే దిగిందనుకో. అన్న వస్తాడనో, నాన్న వస్తాడనో అంటుంది. ఎవరో ఒకరు వచ్చేదాకా నేను బండి కదలనిచ్చేదాన్ని కాదు. డ్రైవరు తిట్టేవాడు, లోపలి జనం తిట్టేవాళ్ళు, నేను విజిలు వెయ్యకుండా నిలబడేదాన్ని. నువ్వొచ్చి నా ఎదురుగా కూర్చుని మూడు అంటున్నావు. నాది సున్నా అని చెప్పానంటే, నిన్ను ఆ చీకటి స్టాపులో దింపేసి రైట్ రైట్ అన్నట్టే కదే."

నేను కింద డిపో గేటువైపు చూశాను.

"ఆరు నెలలు ఆపాను బండిని," అంది. "ఇంతకీ నీకోసం ఎవరొస్తున్నారు?"

"అమ్మ ఉంది," అన్నాను.

"అమ్మకు తెలుసా నువ్విక్కడ నిలబడ్డావని?"

తల అడ్డంగా ఊపాను.

"చెప్పకపోతే ఆవిడెట్లా వస్తుందే, మతి లేనిదానా! నేను ముసలిదాన్ని, ఎంతసేపని ఆపమంటావు?" అని, నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, లోపలికి వెళ్ళి ముక్కలు తీసుకుంది. వెళుతూ వెళుతూ "ఆదివారం రా, నలుగురం ఉన్నా ఆటకు ఒక చెయ్యి తక్కువవుతోంది. కాగితాలు తెస్తే మాత్రం మెట్లు దొర్లిస్తా" అని అరిచింది.

అదమ్మా సంగతి. ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, కూర్చుని రాస్తున్నాను.

ఇన్నాళ్ళూ ఒక ముసలావిడకు నేను తోడనుకున్నాను. ఆవిడకు నా తోడు అక్కర్లేదు. అది తెలిసినప్పుడు కాస్త నొప్పిపుట్టింది, నీ దగ్గర దాచను. ఈ ఊళ్ళో తోడు కావలసింది నాకే. నువ్వు మిషను మీద పొద్దస్తమానం వంగి ఉంటావని, నాయనమ్మను లేవనెత్తాలని, నా గోల నీకెందుకని, ఏమీ అడగకుండా రాసుకుంటూ పోయాను. ఇవాళ అడుగుతున్నాను. నాయనమ్మను పిన్ని దగ్గర ఉంచి, షాపులో సెలవు చెప్పి, నాలుగు రోజులు వచ్చి నా దగ్గర ఉంటావా? ఏమీ చెయ్యొద్దు. వండొద్దు, సర్దొద్దు. ఆ ఎదురు కుర్చీలో కూర్చుంటే చాలు. రాలేకపోతే రాలేనని రాయి, సర్దుకుంటాను. కానీ ఏదో ఒకటి రాయి.

ఒకవేళ వస్తే, నువ్వెట్లా ఉన్నావని నేను అడుగుతాను. ఇన్ని ఉత్తరాల్లో ఒక్కసారీ సరిగ్గా అడగలేదు, కులాసా అని తలచి ఊరుకున్నాను. అడిగినప్పుడు నా మొహం చూసి చెప్పకు. నేను మూడు అన్నానని నువ్వూ మూడు అనకు. సున్నా అయితే సున్నా అను, నేనేమీ అనుకోను. నీదీ మూడే అయితే మాత్రం, నాకోసం తగ్గించకు.

ఇట్లు,
నీకోసం దారి చూస్తూ,
నీ పెద్దపిల్ల